గోదావరి-38

మొన్నామధ్య ఆఫీసు మీటింగులో నా తెర అందరికీ చూపిస్తూ టెర్మినలు తెరిచాను. అందులో కమాండుకి ముందు కంప్యూటరు పేరు కనిపిస్తుంది కదా. దాన్ని చూసి మా టీములో రాజమండ్రి ఆయనొకరు, "గోదావరి-38 ఏంటండీ? మాకు తెలిసి గోదావరికి ఏడు పాయలే. తతిమ్మావి మీరెప్పుడు తవ్వించారు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మీటింగయ్యాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే నా లాప్‌టాప్‌కి నేను పెట్టుకున్న పేరు ఉత్త గోదావరి. ఆ 38 నేను పెట్టింది కాదు.

మా ఇంట్లో కంప్యూటర్లన్నీ నదులే. పాత డెస్కుటాపు కృష్ణ, మా అమ్మాయిది తుంగభద్ర, ప్రింటరు పాపం మూసీ (ఇంకు కారుతూంటుంది లెండి). రోజూ రాత్రి రెండింటికి కృష్ణ లేచి "గోదావరి ఎక్కడ?" అని నెట్‌వర్కులో అడుగుతుంది. దొరికాక కొత్త ఫైళ్ళన్నీ తన డిస్కులోకి తెచ్చుకుంటుంది. నదుల అనుసంధానం ప్రభుత్వాల కంటే ముందు నేనే పూర్తి చేశానని ఇంట్లో గొప్పలు కూడా పోయాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కృష్ణలో చూస్తే చివరి బ్యాకప్ నాలుగు నెలల కిందటిది! ఆ రోజు నుంచీ ప్రతి రాత్రీ "గోదావరి దొరకలేదు" అని ఓ లాగ్ ఫైల్లో వరసగా రాసుకుంటూ పోయింది కృష్ణ. నేనే ఆ ఫైలు తెరిచి చూసిన పాపాన పోలేదు.

దానికేముంది, ఇప్పుడు మళ్ళీ కాపీ చేసుకుంటే సరి అంటారేమో. అలా కుదర్లేదు. మా నాన్న మా లంక ఊరి కబుర్లు, 1986 ఆగస్టు వరదలో ఇల్లు వదిలి ఏటిగట్టు మీదికి చేరిన కథ, ఇలాంటివన్నీ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేశాను. మొత్తం 11 రికార్డింగులు. ఫోను నుంచి లాప్‌టాప్‌కి, అక్కణ్ణుంచి కృష్ణకి వెళ్ళిపోతాయి. లాప్‌టాప్‌కి చేరగానే ఫోన్లోవి తీసేసేవాణ్ణి. రెండు నెలల కిందట లాప్‌టాప్‌లో చోటు చాలకపోతే, కృష్ణలో ఉన్నాయిగా అనే ధీమాతో అక్కడివీ చెరిపేశాను. తీరా చూస్తే కృష్ణకి చేరినవి నాలుగే. మా అక్కకి పంపి ఉండబట్టి ఇంకో రెండు దక్కాయి. అయిదు పోయాయి. వరద కథ ఆ అయిదింట్లోదే.

ఎందుకిలా అయిందని తవ్వుతూ పోతే సాఫ్టువేరు బగ్గు కంటే ముందు చరిత్ర తగిలింది. కంప్యూటర్లకి పేర్లు ఎవరు పెట్టాలి, ఒకే పేరు ఇద్దరికి వస్తే ఎవరు తగ్గాలి అన్న తగాదా మన ఇళ్ళలోని వైఫై కంటే చాలా పాతది. ముందు ఆ కథ చెప్పి, తర్వాత మా ఇంటి దొంగ దగ్గరికొస్తాను.

1969 చివరికి ఆర్పానెట్‌లో ఉన్నవి నాలుగే చోట్లు. నాలుగిళ్ళ ఊళ్ళో పేర్లతో పెద్ద పనేముంటుంది, నంబరు చెప్పినా సరిపోతుంది. ఊరు పెరిగాక ఎవరి దగ్గర వాళ్ళు ఒక జాబితా రాసుకోవడం మొదలైంది. దాంతో ఒకే మిషనుకి ఇక్కడొక పేరు, అక్కడొక పేరు. 1971 సెప్టెంబరులో పెగ్గీ కార్ప్ అనే ఆవిడ ఆర్ఎఫ్‌సీ 226 రాసి, అందరం ఒకే పేర్లు వాడదామని ప్రతిపాదించింది. 1973 డిసెంబరులో పీటర్ డాయిచ్ ఆర్ఎఫ్‌సీ 606లో ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రతి చోటా మనుషులు కూర్చుని చేత్తో జాబితాలు దిద్దుకోవడం దండగ, ఒక్కచోట ఒక్క ఫైలు పెడితే అందరూ అందులోంచి తీసుకుంటారు కదా అన్నాడు. 1974 జనవరి కల్లా కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ ఆ పని నెత్తినేసుకుంది.

అలా పుట్టిందే హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు. మీ కంప్యూటర్లో ఇవాళ్టికీ హోస్ట్స్ అని ఒక ఫైలు ఉంటుంది చూడండి, అది దీని మనవడే. ఈ ఫైలు చూసుకునే సమాచార కేంద్రాన్ని 1989 దాకా నడిపినావిడ ఎలిజబెత్ ఫైన్లర్. కొత్త కంప్యూటరుకి పేరు కావాలంటే ఆఫీసు వేళల్లో ఆ కేంద్రానికి ఫోను చేసి అడగాలి. అచ్చం కరణం గారి దస్త్రమే. అందులో ఎక్కితేనే పేరు, ఎక్కకపోతే లేనట్టు. ఈ పద్ధతిలో ఒక సుఖముంది. పుస్తకం ఒకటే, రాసే చెయ్యి ఒకటే. కాబట్టి ఒకే పేరు ఇద్దరికి పోయే ప్రశ్నే లేదు. అడిగిన పేరు ముందే ఇంకెవరికో ఇచ్చి ఉంటే ఆ సంగతి ఫోన్లోనే తేలిపోతుంది.

కష్టమేమిటంటే, నెట్‌వర్కు పెరిగేకొద్దీ ఫైలూ పెరుగుతుంది, దాన్ని దించుకునేవాళ్ళూ పెరుగుతారు. కంప్యూటర్లు పది రెట్లయితే ఫైలు మోతకయ్యే ట్రాఫిక్కు వంద రెట్లవుతుంది. పైగా ఒకరు మార్పు పంపి, అది పుస్తకంలోకెక్కి, అందరికీ చేరేలోపు ఇంకో మార్పు వచ్చేది. జాన్ పోస్టెల్ ఈ చిక్కు తెచ్చి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే పాల్ మొకపెట్రిస్ చేతిలో పెట్టాడు. అప్పటికే ఉన్న ప్రతిపాదనల్లోంచి ఒకటి తేల్చమంటే, ఆయన వాటిని పక్కన పెట్టి కొత్తది రాసుకొచ్చాడు. 1983 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 882, 883గా వచ్చింది. అదే డీఎన్ఎస్.

డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అందులోని ఉపాయం మాత్రం మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. క్లాసులో ముగ్గురు శ్రీనివాసులుంటే మాస్టారు ఏం చేసేవారు? ఇంటిపేరుతో కలిపి పిలిచేవారు. మొకపెట్రిస్ కూడా అదే చేశాడు, కాకపోతే మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఆయన వెనక రాశాడు. ఒక యూనివర్సిటీ తన ఇంటిపేరొక్కటి పైన నమోదు చేసుకుంటే చాలు. లోపల ఏ మిషనుకి ఏ పేరు పెట్టాలో దాని ఇష్టం. పక్క యూనివర్సిటీలో అదే పేరున్నా గొడవ లేదు. 1990లో డాన్ లైబ్స్ అనే ఆయన ఆర్ఎఫ్‌సీ 1178 రాశాడు. కంప్యూటరుకి పేరెలా పెట్టాలి అన్నదే దాని విషయం. మీ సొంత పేరు పెట్టకండి, ప్రాజెక్టు పేరు పెట్టకండి, ఏదో ఒక వరస ఎంచుకుని అందులోంచి పెట్టుకోండి అని సలహాలిస్తాడు. మన ఆఫీసు సర్వర్లకి గ్రహాలు, కొండలు, నదుల పేర్లు పెట్టుకున్నవాళ్ళం అందరం తెలిసో తెలియకో ఆ దారిలోనే నడిచాం.

అయితే డీఎన్ఎస్‌కి ఒక షరతుంది. ఎక్కడో ఒకచోట పెద్దమనిషి ఉండాలి. ఇంటిపేరు ఇచ్చేవాడు, ఇంట్లో పేర్లు రాసిపెట్టేవాడు. ఆఫీసులో ఆ పనికి మనిషిని పెట్టి జీతమిస్తారు. మరి ఇంట్లో? ప్రింటరు కొనుక్కొచ్చి ప్లగ్గు పెట్టిన మనిషిని జోను ఫైలు రాయమంటామా?

ఈ ప్రశ్నకి 1985లోనే ఒక జవాబొచ్చింది. ఆ ఏడాది ఆపిల్ కంపెనీ లేజర్‌రైటర్ అనే ప్రింటరు తెచ్చింది, వెల 6,995 డాలర్లు. అంత పెట్టి మనిషికొకటి కొనలేరు కాబట్టి ఆఫీసంతా కలిసి వాడుకోవాలి. వాడేవాళ్ళు నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్ళు కారు. అందుకని ఆపిల్‌టాక్ అనే పద్ధతిలో సర్వరు లేకుండా పని జరిగేలా చూశారు. ప్రతి మిషనూ మొదట ఏదో ఒక నంబరు ఎంచుకుని "ఇది ఎవరిదైనానా?" అని అడుగుతుంది. ఎవరైనా నాదంటే ఇంకోటి ఎంచుకుంటుంది. పేర్లకీ అంతే. ముందు అరిచి అడగడం, ఎవరూ పలక్కపోతే తీసుకోవడం. దస్త్రం లేదు, కరణం లేడు. పెళ్ళిపందిట్లో "శ్రీనూ!" అని కేకేసి చూడటమే.

ఇంచుమించు అదే కాలంలో ఇంకో గుంపు కూడా ఇదే దారి పట్టింది. 1983లో సైటెక్ అనే కంపెనీ ఐబీఎం కోసం నెట్‌బయాస్ తయారుచేసింది. పేరుకి 16 బైట్లు. ఆఖరి బైటుని సేవ రకం చెప్పడానికి మైక్రోసాఫ్టు వాడుకోవడంతో మనకి మిగిలినవి 15 అక్షరాలు. విండోస్‌లో పొడుగు పేరు పెట్టబోతే ఆ 15 దగ్గర ఎందుకు గొణుగుతుందో ఇప్పుడర్థమైందా! ఇదీ కేకేసే పద్ధతే. తేడా అంతా తగాదా వచ్చినప్పుడుంది. మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులు గుర్తున్నాయా? ఒక మిషనులో అన్నీ ఎక్కించి, ఆ డిస్కునే ముప్ఫై మిషన్లకి క్లోను చేసేవారు. పొద్దున్నే అన్నీ ఆన్ చేస్తే మొదటిది బాగానే లేచేది. తక్కిన వాటి తెరల మీద, ఈ పేరుతో నెట్‌వర్కులో ఇంకోటుంది అని పెట్టె వచ్చేది. ఆ పేరు మార్చేదాకా షేరింగు పనిచేసేది కాదు. ల్యాబ్ అసిస్టెంటు ఒక్కో మిషను దగ్గరికీ వెళ్ళి, విసుక్కుంటూ 01, 02 అని పేర్లు కొట్టేవాడు. ఆ పెట్టెని నేనూ బోలెడుసార్లు తిట్టుకున్నాను. ఆ పెట్టె సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే రావాలి.

ఇక మా లాప్‌టాప్ వాడే పద్ధతి. ఇంటర్నెట్టు అందరికీ వచ్చాక ఆపిల్‌టాక్ లాంటి సొంత పద్ధతులు మూలపడ్డాయి, ఐపీ ఒక్కటే నిలిచింది. కానీ ఐపీలో ఆ సులువు లేదు. ఆపిల్‌లో పనిచేసే స్టూవర్ట్ చెషైర్ ఆ సులువుని ఐపీలోకి తేవాలని పట్టుబట్టాడు. ఐఈటీఎఫ్‌లో 1999లో జీరోకాన్ఫ్ అనే బృందం ఏర్పడింది. 2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2తో రాండేవూ అనే పేరు మీద జనంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అమీర్‌పేటలో టిబ్కో కోర్సు చేసినవాళ్ళు ఈపాటికి ఉలిక్కిపడి ఉంటారు. రాండేవూ టిబ్కో వాళ్ళ మెసేజింగ్ సాఫ్టువేరు పేరు కదా! అవును, వాళ్ళు ట్రేడ్‌మార్కు కేసు వేశారు, తర్వాత రాజీ కుదిరింది. 2005లో 10.4తో ఆపిల్ తన దాన్ని బాంజూర్ అని మార్చుకుంది. పేర్ల తగాదాలు తీర్చడానికి పుట్టిన ప్రోటోకాలుకే పేరు తగాదా వచ్చింది, రెండో వచ్చినవాడే తగ్గి పేరు మార్చుకున్నాడు. తన రూలు తానే పాటించిందన్నమాట.

ఆ రూలేమిటో కాస్త వివరంగా చూడాలి. ఇది 2013 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 6762గా స్థిరపడింది. మల్టీకాస్ట్ డీఎన్ఎస్, పొట్టిగా ఎండీఎన్ఎస్ అంటారు. డాట్ లోకల్‌తో ముగిసే పేర్లన్నీ దీని సొత్తు. కంప్యూటరు నెట్‌వర్కులోకి రాగానే 224.0.0.251 అనే గుంపు చిరునామాకి, 5353 పోర్టులో, "గోదావరి డాట్ లోకల్ ఎవరైనా వాడుతున్నారా?" అని అడుగుతుంది. 250 మిల్లీసెకన్ల ఎడంతో మూడుసార్లు. ఎవరూ పలక్కపోతే "గోదావరి నేనే, నా చిరునామా ఇది" అని చాటుతుంది. ఎవరైనా అదే పేరుతో వేరే చిరునామా చెప్పి పలికారా, అప్పుడది తగాదా. కొత్తగా వచ్చినవాడు తగ్గి పేరు వెనక 2 తగిలించుకుని మళ్ళీ అడగాలి. అదీ ఉంటే 3. ఇద్దరూ చెప్పే చిరునామా ఒకటే అయితే మాత్రం తగాదా కాదు. ఇంకో మాట కూడా ఉంది. అలా మార్చుకున్న పేరుని డిస్కులో దాచుకుని, మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఆ కొత్త పేరుతోనే లేవమంటుంది ఆర్ఎఫ్‌సీ. లేకపోతే రోజూ పొద్దున్నే అదే పోట్లాట కదా అని.

బాగానే ఉంది. కానీ ఇందులో నంబరు ఎక్కడానికి దారుంది గానీ దిగడానికి లేదు. పాత గోదావరి చచ్చిపోయినా, అసలు ఎప్పుడూ లేకపోయినా, రెండోది రెండోదిగానే ఉండిపోతుంది.

ఇప్పుడు మా ఇంటికి వద్దాం. మొదట అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను, ఇంట్లో ఇంకో గోదావరి ఎక్కడో ఉందని. మా అమ్మాయి ఏమైనా పెట్టిందేమో అడిగాను, కోప్పడింది. పాత ఫోన్లు, టీవీ అన్నీ ఆపి చూశాను. వైర్‌షార్క్ పెట్టి 5353 పోర్టు గంటసేపు విన్నాను. గోదావరి అనేవాడు ఇంకొకడు లేడు. మరి మావాడు ఎవరిని చూసి తగ్గుతున్నాడు?

అప్పుడు లాప్‌టాప్ లాగులు తీసి పేరు మారిన తేదీలు వరసగా రాశాను. 37 సార్లు మారింది (మొదటి మార్పుతోనే 2 వస్తుంది కాబట్టి 38కి 37 చాలు). శని, ఆదివారాల్లో ఒక్కటీ లేదు. ఆఫీసుకెళ్ళిన రోజుల్లోనూ లేదు. అన్నీ ఇంటినుంచి పని చేసిన రోజులే, అన్నీ పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతాలే. ఆ వేళకి నేను చేసే పని ఒకటే. కాఫీ తాగుతూ హాల్లో వైఫైలో ఉన్న లాప్‌టాప్‌ని తెచ్చి బల్ల మీద డాకుకి తగిలిస్తాను. డాకుకి నెట్‌వర్కు వైరుంటుంది. వైరు దొరగ్గానే లాప్‌టాప్ వైఫై ఆపేసుకుంటుంది.

మర్నాడు డాకు పెట్టకముందే కృష్ణలో వైర్‌షార్క్ ఆన్ చేసి పెట్టాను. తగిలించిన రెండు మూడు సెకన్లలో దొంగ దొరికాడు. లాప్‌టాప్ వైరు మీద నుంచి "గోదావరి-38 ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. "నేనున్నాను, నా చిరునామా 192.168.1.23" అని జవాబొచ్చింది. ఆ 23 ఎవరిదో తెలుసా? నిమిషం కిందటి దాకా వైఫైలో ఉన్న ఇదే లాప్‌టాప్‌ది! జవాబు పంపింది హాల్లో గోడకున్న వైఫై ఎక్స్‌టెండరు. రెండు వైపుల వాళ్ళకీ ప్రింటరు కనబడాలని అందులో ఒక సౌకర్యం ఉంది. ఇటు విన్న పేర్లు గుర్తుపెట్టుకుని అటు చెబుతుంది. లాప్‌టాప్ వైఫై వదిలేసిన సంగతి దానికి తెలీదు. వైరు మీద కొత్త చిరునామా, ఎక్స్‌టెండరు నోట పాత చిరునామా. పేరు ఒకటే, చిరునామాలు రెండు. రూలు ప్రకారం తగాదా. మావాడు మర్యాదగా తగ్గి, నా కళ్ళ ముందే గోదావరి-39 అయ్యాడు.

ముందు రోజు గంటసేపు విన్నా ఎందుకు దొరకలేదో కూడా అప్పుడర్థమైంది. ఎండీఎన్ఎస్‌లో కంప్యూటరు పేరు, చిరునామా చెప్పే మాటకి ఆయువు 120 సెకన్లు. రెండు నిమిషాలు దాటితే ఎక్స్‌టెండరు కూడా మరిచిపోతుంది. నేను వెతకడానికి కూర్చునేసరికి దొంగా లేడు, జాడా లేదు. ఇక ఆ ఎక్స్‌టెండరు ఇంటికొచ్చిన తేదీ బిల్లులో చూశాను. కృష్ణలో చివరి బ్యాకప్ తేదీ అదే.

అంటే నాలుగు నెలలుగా మా లాప్‌టాప్ తన నీడని చూసి తనే దారిస్తోందన్నమాట. ఈ ప్రమాదం రూలు రాసినవాళ్ళకి తెలియదా అంటే, కొంత తెలుసు. ఇద్దరు ఒకేసారి ఒక పేరు అడిగితే, ఇద్దరి డేటా బైటు బైటు పోల్చి పెద్దదున్నవాడు నెగ్గాలి, ఓడినవాడు ఒక్క సెకను ఆగి మళ్ళీ అడగాలి అని ఆర్ఎఫ్‌సీ 6762లో ఉంది. ఆ సెకను ఎందుకో కూడా రాశారు. కొన్ని స్విచ్చులు, వైఫై పెట్టెలు మనం పంపిన ప్యాకెట్టునే కాస్త ఆలస్యంగా మనకి తిప్పి పంపుతాయి, అది మన ప్రతిధ్వనే కావచ్చు, అది చల్లారేదాకా ఆగమని. వాళ్ళు ఒక సెకను ప్రతిధ్వనిని ఊహించారు. మా ఇంట్లోది రెండు నిమిషాల ప్రతిధ్వని.

ఇది మా ఇంటి విడ్డూరం ఒక్కటే కాదు. 2014 అక్టోబరులో ఆపిల్ యోసెమిటీ విడుదల చేసినప్పుడు, ఈ పనిచేసే పాత ప్రోగ్రాము ఎండీఎన్ఎస్ రెస్పాండర్‌ని తీసి డిస్కవరీడీ అనే కొత్తది పెట్టారు. ప్రపంచమంతా మ్యాకుల పేర్ల వెనక 2, 3 అని నంబర్లు పెరగడం మొదలైంది. చివరికి 2015 జూన్ 30న 10.10.4లో కొత్తదాన్ని పీకేసి పాతదాన్నే మళ్ళీ పెట్టారు. ఆ పద్ధతి కనిపెట్టిన కంపెనీకే, పన్నెండేళ్ళ అనుభవం తర్వాత, తన గొంతేదో ఎదుటివాడి గొంతేదో తేల్చుకోవడం అంత కష్టమైంది మరి.

ఇప్పుడు నా అభిప్రాయం. పేరు మార్చుకోవడం తప్పని నేను అనను. కరణం లేని ఊళ్ళో ఎవరో ఒకరు తగ్గకపోతే పని జరగదు. తెరా కీబోర్డూ లేని ప్రింటరు "ఈ పేరు ఇంకొకరిది" అని మొండికేస్తే దాన్ని బతిమాలేదెవరు? కాబట్టి పనాగకూడదు, పేరుదేముంది అన్నది మంచి నిర్ణయమే. నా గొడవల్లా చెప్పకుండా మార్చుకోవడంతో. ల్యాబులో ఆ విండోస్ పెట్టె మొరటుదే, కానీ మొహం మీద చెప్పేది. మనం తిట్టుకుంటూనైనా లేచి చూసేవాళ్ళం. మా లాప్‌టాప్ మర్యాదస్తురాలు. 37 సార్లు తగ్గింది, 37 సార్లూ ఏ మూలో ఒక లాగులో రాసి ఊరుకుంది. కొన్ని వ్యవస్థలు పేరు మారిందని ఒక పెట్టె చూపిస్తాయి, మంచిదే. కానీ మనిషి పెట్టిన పేరుని యంత్రం మార్చినప్పుడు మనిషికి చెప్పడం ఐచ్ఛికం కాకూడదని నాకనిపిస్తుంది. కనీసం నంబరు 3 దాటినప్పుడైనా! ఒక ఇంట్లో 38 గోదావరులుండే అవకాశమెంతో యంత్రానికి తెలియకపోయినా మనకి తెలుసు కదా.

నా తప్పూ ఉంది, అదే పెద్దది. హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీలో పేరంటే పట్టా. డీఎన్ఎస్‌లో ఇంటిపేరుతో సహా పట్టా. డాట్ లోకల్‌లో పేరంటే ఆ నిమిషానికి ఎవరూ కాదనకపోతే మనది, అంతే. అలాంటి పేరుని నమ్ముకుని నేను బ్యాకప్ కట్టాను.

మీ ఇంట్లోనూ ఏ కంప్యూటరు పేరు వెనకైనా నంబరు కనిపిస్తే, నేను రెండు రోజులు తిరిగిన దారి మీరు తిరక్కుండా చెబుతాను. ముందు నిజంగా ఒకే పేరున్నవి రెండున్నాయేమో చూడండి. ఒకే మెమరీ కార్డుని క్లోను చేసి రెండు రాస్‌ప్‌బెర్రీ పై పెట్టెల్లో పెడితే అది నిజమైన తగాదానే, ఒకదాని పేరు మార్చాలి. అలా లేకపోతే నంబరు ఎప్పుడు పెరుగుతోందో రాసుకోండి. వైరు తగిలించినప్పుడా? ఒకే కంప్యూటరు వైరూ వైఫై రెండింటి మీదా ఉన్నప్పుడా? నిద్రలేచినప్పుడా? కంప్యూటరు నిద్రపోతుంటే దాని తరఫున పలికే ప్రాక్సీలు కూడా ఉంటాయి, అప్పగింతల్లో తేడా వస్తే అవీ ప్రత్యర్థుల్లా కనిపిస్తాయి. తర్వాత రౌటర్లు, ఎక్స్‌టెండర్లలో ఎండీఎన్ఎస్ రిపీటరనో, రిఫ్లెక్టరనో, ప్రాక్సీ అనో ఉందేమో చూసి, అక్కర్లేకపోతే ఆపేయండి. వినడం మాత్రం గొడవ జరిగే ముందే మొదలుపెట్టండి, తర్వాత కాదు. మూలం తీసేశాక పేరు మీరే చేత్తో మార్చాలి. అది తనంతట తాను వెనక్కి రాదు.

నేను ఎక్స్‌టెండరులో ఆ సౌకర్యం ఆపేశాను. రెండు వారాలైంది, గోదావరి గోదావరిగానే ఉంది. బ్యాకప్ దిక్కు కూడా తిప్పేశాను. ఇప్పుడు కృష్ణ వెతకదు, గోదావరే వెళ్ళి కృష్ణకిస్తుంది. కృష్ణకి రౌటరులో మారని చిరునామా రాయించాను, అవతల ఉన్నది కృష్ణే అని పేరు చూసి కాక ఎస్ఎస్‌హెచ్ తాళం చూసి నమ్ముతుంది. రెండు రోజులు బ్యాకప్ జరక్కపోతే నా ఫోనుకి మెసేజి వస్తుంది.

మొన్న ఆదివారం నాన్న దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాను. "వరద కథేగా, మళ్ళీ చెప్తాలేరా, దానికింత మొహమా" అని వెంటనే మొదలుపెట్టారు. ఇల్లు, దూడ, ధాన్యం గాదె, ఏటిగట్టు అన్నీ వచ్చాయి. కానీ మావాళ్ళని పడవలో గట్టుకి చేర్చినాయన పేరు దగ్గర నేను ఆగాను. పోయినసారి వేరే పేరు చెప్పినట్టు గుర్తు. అదే అడిగాను. నాన్న కాసేపు ఆలోచించి, "అప్పుడేం చెప్పానో వినిపించు, చూద్దాం" అన్నారు.

వినిపించడానికి నా దగ్గర లేదు. ఇప్పుడు చెప్పిన పేరే రాసుకుని, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆ రికార్డింగు మాత్రం ఆ రాత్రే మూడు చోట్ల కాపీ చేసి, మూడు చోట్లా తెరిచి విని పడుకున్నాను.